గ్రస్తోదయం అన్నారు, మా డాబా మీదికి నిండు చంద్రుడే వచ్చాడు

నిజాంపేట_డాబా (మార్చి 3, 2026, రాత్రి 8.40)
ఈ సాయంత్రం గ్రహణం కోసం వారం రోజులుగా ఎదురుచూశాం. పంచాంగంలో గ్రస్తోదయ చంద్రగ్రహణం అని స్పష్టంగా ఉంది. అంటే గ్రహణం పట్టిన చంద్రుడే ఉదయించాలి కదా. హైదరాబాద్‌లో చంద్రోదయం 6.25 ప్రాంతంలో, విడుపు 6.47కి అని రాసుకున్నాను. పావుతక్కువ ఆరుకే మా డాబా మీద పన్నెండు మందిమి చేరాం. మా అమ్మకు 74 ఏళ్లు. లిఫ్ట్ డాబా దాకా రాదు, ఆఖరి మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కింది. 6.25 అయింది, 6.40 అయింది, తూర్పున ఏమీ లేదు. మబ్బు కూడా లేదు. దాదాపు ఏడింటికి ఎదురు అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ పక్క నుంచి చంద్రుడు వచ్చాడు, నిండుగా, గుండ్రంగా. "ఏదిరా గ్రహణం?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. టైమింగ్ తప్పు వేశారా? నేను తప్పు దిక్కు చూశానా?

చార్మినార్_చుక్క
సేమ్ ఇక్కడ. నేను కూడా ఆరున్నర నుంచి చూసి చూసి కిందికి దిగిపోయాను. టీవీలో మాత్రం మధ్యాహ్నం నుంచి రక్త చంద్రుడు, రక్త చంద్రుడు అని ఒకటే హడావుడి.

లెక్కల_మాస్టారు
టైమింగ్ సరైనదే. పాక్షిక గ్రహణం మన టైం 3.20కి మొదలైంది. సంపూర్ణ దశ 4.34 నుంచి 5.33 వరకు. అప్పటికి మన దగ్గర చంద్రుడు ఇంకా నేల కిందే ఉన్నాడు. మనకు మిగిలింది 6.47 వరకు ఉన్న చివరి ముక్క మాత్రమే.

నిజాంపేట గారూ, ఒక ప్రశ్న. ఎదురు అపార్ట్‌మెంట్ మీ డాబా కంటే ఎంత ఎత్తు, ఎంత దూరం?

నిజాంపేట_డాబా
మాది ఐదు అంతస్తులు, అది పది. మధ్యలో రోడ్డు, ఒక ఖాళీ ప్లాటు. వంద మీటర్లు ఉంటుందేమో.

లెక్కల_మాస్టారు
అయితే దొంగ దొరికాడు. ఐదు అంతస్తుల తేడా అంటే సుమారు 15 మీటర్లు. వంద మీటర్ల దూరంలో 15 మీటర్ల అడ్డు ఉంటే ఎనిమిదిన్నర డిగ్రీల దాకా ఆకాశం మూసుకుపోతుంది. మన అక్షాంశంలో ఉదయించే చంద్రుడు ఒక డిగ్రీ ఎక్కడానికి నాలుగు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. 6.25కి ఉదయిస్తే 6.47కి ఎక్కేది 5 డిగ్రీలే. అంటే మీ గ్రహణం మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు ఆ బిల్డింగ్ వెనకాలే జరిగింది. ఎనిమిదిన్నర డిగ్రీలు దాటడానికి ఏడు అయింది. మీరు చెప్పిన టైమే.

5 డిగ్రీలంటే ఎంతో చేత్తో చూడొచ్చు. చెయ్యి ముందుకు పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపితే 5. చిటికెన వేలు 1. ఈ గ్రహణం హైదరాబాద్‌కు మూడు వేళ్ల ఎత్తు గ్రహణం. తూర్పున అంత ఖాళీ ఉన్నవాళ్లకే దక్కింది.

చార్మినార్_చుక్క
మూడు వేళ్లా! మా సందులో నడినెత్తి తప్ప ఏమీ కనపడదు మాస్టారూ.

విశాఖ_వెన్నెల
మాకు దొరికింది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

విశాఖకు చంద్రోదయం 6.05 ప్రాంతంలో. మేం హైదరాబాద్‌కు దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉన్నాం కాబట్టి ఇరవై నిమిషాలు ముందు. ఆ ఇరవై నిమిషాలే మాకు లాభం. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్నాం, నేను, మా ఆయన, పిల్లలిద్దరు. 6.05కి ఏమీ లేదు. 6.10కీ ఏమీ లేదు. సముద్రం మీద ఎప్పుడూ ఒక ఆవిరి తెర ఉంటుంది, ఆ అడుగు భాగంలో ఏదీ ఆనదు. పిల్లలు గవ్వలు ఏరుకోవడానికి వెళ్లిపోయారు.

6.15 దాటాక మా చిన్నది "అమ్మా, పడవ" అంది. నిజంగా పడవ అనే అనుకున్నాను. నీటికి కాస్త పైన నారింజ రంగులో ఒక వంపు గీత, అడుగు గుండ్రంగా, పైన ఏమీ లేకుండా. రెండు నిమిషాలు చూశాక తెలిసింది, అది చంద్రుడి కింది భాగం. పై సగం నీడలో ఉంది, ఆకాశం రంగులో కలిసిపోయింది. పౌర్ణమి నాడు నెలవంక, అదీ వెల్లకిలా పడుకున్న నెలవంక. పక్కన చేపలవాళ్లు వల సర్దుకుంటున్నారు, వాళ్లూ ఆపి చూశారు. అందులో ఒక పెద్దాయన తలకు చుట్టిన తువ్వాలు తీసి దండం పెట్టాడు.

అక్కడి నుంచి గిన్నె నిండుతున్నట్టు వెలుగు కింది నుంచి పైకి పాకింది. 6.40కి పైన, కాస్త ఎడమవైపు, చిన్న నొక్కు మాత్రం మిగిలింది. 6.47 తర్వాత అదీ లేదు. అప్పటికి చంద్రుడు ఒక పిడికిలి ఎత్తులో ఉన్నాడు, మాస్టారి లెక్క ప్రకారం 10 డిగ్రీలు. అంతే. నలభై నిమిషాల గ్రహణంలో నేను చూసింది అరగంట. అయినా ఆ మొదటి పడవ నాకు చచ్చేదాకా గుర్తుంటుంది.

నిజాంపేట_డాబా
మేడం, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. "మళ్లీ చదువు" అంది.

గుంటూరు_ఘాటు
కనపడలేదని ఎందుకంటున్నారో అర్థం కావట్లేదు. నేను గుంటూరులో 6.55కి చూశాను. ఎర్రగా, పెద్దగా, స్పష్టంగా రక్త చంద్రుడు. ఫొటో కూడా తీశాను.

లెక్కల_మాస్టారు
గుంటూరు గారూ, మీరు చూసింది నిజమే, కానీ ఆ ఎరుపు గ్రహణానిది కాదు. 6.55కి అసలు నీడ పూర్తిగా తప్పుకుంది. నేలకు దగ్గరగా ఉన్న చంద్రుడి వెలుగు మందపాటి గాలిలోంచి, దుమ్ములోంచి వస్తుంది, అందులో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ప్రతి పౌర్ణమికీ ఇంతే.

గుంటూరు_ఘాటు
నేను ప్రతి పౌర్ణమికీ చూస్తాను సార్, ఇంత ఎరుపు ఎప్పుడూ లేదు. నా కళ్లను నేను నమ్ముతాను.

అనంత_ఆకాశం
అన్నా, రేపు సాయంత్రం ఏడు దాటాక చంద్రుడు వస్తాడు. రాగానే చూడు. అప్పుడూ ఎర్రగానే ఉంటే మాస్టారు చెప్పిందే రైటు. గ్రహణం ఎరుపు వేరు. సంపూర్ణ దశలో భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగిన వెలుగు చంద్రుడి మీద పడి రాగి రంగు వస్తుంది, చంద్రుడు నడినెత్తిన ఉన్నా వస్తుంది. పోయిన సెప్టెంబర్ 7 రాత్రి 11 నుంచి 12.22 వరకు ఉన్నది అదే.

చార్మినార్_చుక్క
సెప్టెంబర్ గ్రహణం నాకు గుర్తు చేయొద్దన్నా. ఆ రాత్రి మా మీద మబ్బు తప్ప ఏమీ లేదు. ఇప్పుడేమో బిల్డింగులు.

శాస్త్రుల_పంచాంగం
గ్రస్తోదయం అనే మాట ఇక్కడ వాడారు కాబట్టి చెబుతున్నాను. గ్రహణంతో ఉదయిస్తే గ్రస్తోదయం, గ్రహణం విడవకముందే అస్తమిస్తే గ్రస్తాస్తమయం. గ్రస్తోదయంలో పంచాంగం స్పర్శ కాలం, అంటే గ్రహణం పట్టే సమయం, ఇచ్చినా, మన ఊరికి పుణ్యకాలం చంద్రోదయం నుంచే. కంటికి కనిపించేదే లెక్క. అందుకే ఊరు ఊరికీ చంద్రోదయం వేరుగా చూసుకోవాలి. ఒక ఊరి టైం ఇంకో ఊరికి పనికిరాదు. నిజాంపేట గారి అమ్మగారు విడుపు స్నానం చేశారా?

నిజాంపేట_డాబా
చేసిందండీ. ఏడున్నరకు స్నానం చేసి, ఇల్లు కడిగించి, అప్పుడు వంట. మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పెరుగు గిన్నెలో దర్భ వేసింది. నేను వద్దన్నా వినదు. ఆ ఉపవాసం అంతా ఉండి, చంద్రుణ్ణి చూడలేకపోయిందే అనే నా బాధ.

కోస్తా_కుర్రాడు
మా నాయనమ్మ పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. నిలబడింది! గ్రహణం విడిచాక పడిపోతుందని అందరం చుట్టూ కూర్చున్నాం. నిజంగా ఎవరికైనా పడిందా?

అనంత_ఆకాశం
తమ్ముడూ, అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మా ఇంట్లో మామూలు మంగళవారం నిలబెట్టాను, మర్నాడు మా అమ్మ తీసేదాకా అలాగే ఉంది. కానీ నాయనమ్మతో వాదించకు. అందరినీ గంటసేపు ఒకచోట కూర్చోబెట్టింది కదా ఆ రోకలి.

ఎడిసన్_తెలుగు
అందరూ గ్రస్తోదయం గురించి రాస్తున్నారు, నేను ఇదే గ్రహణానికి గ్రస్తాస్తమయం చూశాను. న్యూజెర్సీలో మాకు మార్చి 3 తెల్లవారుజామున. 4.50కి నీడ మొదలైంది, 6.04కి సంపూర్ణం. అప్పటికి చంద్రుడు పడమర నాలుగు డిగ్రీల ఎత్తులో ఉన్నాడు, వెనక తూర్పు తెల్లబడుతోంది. ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు పక్కన నిలబడి, చలికి చేతులు రుద్దుకుంటూ చూస్తున్నాను. ఆఖరి తెల్ల అంచు మాయమైన తర్వాత చంద్రుడు ఎక్కడున్నాడో నాకు దొరకలేదు! ఆకాశంలో ఉన్నాడని తెలుసు. దిక్కు తెలుసు. ఒక్క మబ్బు లేదు. అయినా లేడు. బైనాక్యులర్స్ పెడితే ఇటుక రంగు మరకలాగా ఒక్క నిమిషం దొరికాడు, అంతే.

ఇక్కడ మాకు చంద్రుడు అస్తమించిన ముప్పావుగంటకే మీ దగ్గర మీరు డాబా ఎక్కి ఉంటారు. లెక్కేసుకుంటే ఒళ్లు జలదరించింది.

శాస్త్రుల_పంచాంగం
గ్రస్తాస్తమయానికి మర్నాడు శుద్ధబింబం, అంటే గ్రహణం వదిలిన చంద్రుణ్ణి, చూశాకే భోజనం అని ధర్మశాస్త్రం. ఎడిసన్ గారు మరి?

ఎడిసన్_తెలుగు
తొమ్మిదింటికి మీటింగ్ ఉంది శాస్త్రి గారూ. ఇడ్లీ తిని వెళ్లాను. సాయంత్రం శుద్ధబింబం చూసి దండం పెట్టుకుంటాను.

కొత్త_టెలిస్కోప్
ఇక్కడ నాకో డౌట్. మబ్బు లేకపోతే సంపూర్ణ గ్రహణ చంద్రుడు ఎందుకు మాయమవుతాడు? సెప్టెంబర్‌లో ఫొటోలన్నీ చక్కగా ఎర్రగా ఉన్నాయి కదా.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. చంద్రగ్రహణం అంటే సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద ఉండటం. కాబట్టి గ్రహణ చంద్రుడు ఉదయించేటప్పుడు సరిగ్గా ఎదురు దిక్కున సూర్యుడు అస్తమిస్తూ ఉంటాడు. అంటే ఆకాశం ఇంకా వెలుగుతోంది. చంద్రుడేమో సంపూర్ణ దశలో మామూలు వెలుగులో వేల వంతుకు పడిపోతాడు. దానికి తోడు నేల అంచున అతని వెలుగు నడినెత్తి కంటే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. 10 డిగ్రీల ఎత్తుకు వస్తే అది ఐదారు రెట్లకు తగ్గుతుంది. ఆకాశం వెలుగు, మసక చంద్రుడు, మందపాటి గాలి, మూడూ ఒకేసారి. సెప్టెంబర్‌లో చంద్రుడు అర్ధరాత్రి ఆకాశంలో ఎత్తుగా ఉన్నాడు, అందుకే ఆ ఫొటోలు.

ఇంకోటి కూడా చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టం. సూర్యాస్తమయం అయ్యాక తూర్పు అంచున ఒక ముదురు నీలం పట్టీ, దానిపైన లేత గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం పట్టీ మన భూమి నీడే, గాలి మీద పడుతున్న నీడ. అదే నీడ అంతరిక్షంలో ఇంకా ముందుకు వెళ్లి చంద్రుడి మీద పడుతుంది. గ్రస్తోదయం రోజు ఒకే నీడను రెండు చోట్ల చూడొచ్చు. విశాఖ గారూ, మీరు ఆ పట్టీ గమనించారా?

విశాఖ_వెన్నెల
గులాబీ రంగు చూశాను, నీడ అని తెలియదు! పడవ ఆ నీలంలోనే ఉంది. ముందే తెలిస్తే పిల్లలకు చూపించేదాన్ని.

దుర్భిణి_2018
2018 జనవరి 31 ఎవరికైనా గుర్తుందా? అదీ గ్రస్తోదయమే. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్ నుంచి చూశాను, హుస్సేన్ సాగర్‌కు అవతల ట్యాంక్‌బండ్ మీదుగా. సాగర్ పడమటి ఒడ్డున నిలబడితే తూర్పు అంతా నీళ్లే, అవతలి బిల్డింగులు దూరంగా పొట్టిగా ఉంటాయి. 6.05 ప్రాంతంలో ఉదయించేసరికే ముప్పావు వంతు నీడ. 6.22కి సంపూర్ణం. ఎడిసన్ గారు చెప్పినట్టే చంద్రుడు మాయం. చుట్టూ ఉన్న జనం "అయిపోయింది" అని వెళ్లిపోయారు. మేం నలుగురం ఉండిపోయాం. 6.45కి మెల్లగా రాగి బిళ్లలాగా తేలాడు, 7.37 వరకు అలాగే ఉన్నాడు.

ఒక సందేహం మాత్రం అప్పటి నుంచీ ఉంది. 2018లో చంద్రుడికి కింది భాగం నల్లగా, పైన సన్నటి వెలుగు. ఈసారి విశాఖ గారేమో కింద వెలుగు, పైన నలుపు అంటున్నారు. ఎందుకలా?

అనంత_ఆకాశం
ఇది నేను చెబుతా. చంద్రుడు రోజూ తూర్పున ఉదయించి పడమరకు వెళ్లేది భూమి తిరగడం వల్ల. తన సొంత నడక మాత్రం నక్షత్రాల మధ్య పడమర నుంచి తూర్పుకు, గంటకు సుమారు తన వెడల్పంత. కాబట్టి నీడలోకి ముందు దూరేది తూర్పు అంచు, నీడలోంచి ముందు బయటపడేదీ తూర్పు అంచే. ఉదయించే చంద్రుడికి తూర్పు అంచు కింద ఉంటుంది. 2018లో చంద్రుడు నీడలోకి వెళ్తూ ఉదయించాడు, అందుకే కింద నలుపు. ఈసారి బయటికి వస్తూ ఉదయించాడు, కింద ముందు వెలిగింది. అంతే అన్నా.

దుర్భిణి_2018
ఎనిమిదేళ్ల సందేహం. చాలా థ్యాంక్స్.

సీమ_టీచరమ్మ
కర్నూలు దగ్గర పల్లె బడిలో సైన్స్ చెబుతాను. మా పిల్లలు ముప్పై మందిని శనగ కోసేసిన చేలోకి తీసుకెళ్లాను. చుట్టూ అడ్డం ఏమీ లేదు, చేను చివర ఒక వేపచెట్టు తప్ప. ఇంట్లో పెద్దవాళ్లు గ్రహణం వేళ బయటికి పంపబోమన్నారు. ముందురోజు పదకొండు ఇళ్లకు వెళ్లి మాట్లాడాను. ఇది నీడ అని, సూర్యగ్రహణంలా కళ్లకు ప్రమాదం ఏమీ లేదని, ఆర్యభటుడు 499లోనే రాశాడని చెప్పాను. ఇద్దరు తల్లులు వాళ్లూ వచ్చారు.

6.25 దాటాక ఎవరికీ ఏమీ కనపడలేదు. 6.33కి ఒక పిల్లవాడు పట్టుకున్నాడు. పైన మూల కొరికినట్టు. మా వాళ్లు "ఎలుక కొరికిన రొట్టె" అని పేరు పెట్టారు. పిడికిళ్లతో ఎత్తు కొలిపించాను, 6.47కి అందరూ దాదాపు సగం పిడికిలి అన్నారు. మాస్టారి 5 డిగ్రీలకు మా పిల్లల పిడికిళ్లు సాక్ష్యం.

లెక్కల_మాస్టారు
టీచరమ్మా, ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్టు మీదే.

గుంటూరు_ఘాటు
ఇంతమంది చెబుతున్నారు కాబట్టి రేపు సాయంత్రం చూసి వచ్చి రాస్తాను.

నిజాంపేట_డాబా
ఒక చిన్న విషయం. నేను 7.02కి ఫోన్‌లో తీసిన ఫొటో ఇప్పుడు పెద్దది చేసి చూస్తున్నాను. తెర మీద చంద్రుణ్ణి నొక్కి పట్టి వెలుగు బాగా తగ్గించి తీశాను. పై అంచు, ఎడమ పక్కన, కాస్త పొగ పట్టినట్టుగా ఉంది. కెమెరా లెన్స్ మీద మరకా?

అనంత_ఆకాశం
మరక కాదు అన్నా!! అది ఉపచ్ఛాయ. భూమి అసలు నీడ చుట్టూ ఉండే పలుచటి నీడ. అసలు నీడ 6.47కి పోయినా ఉపచ్ఛాయ 7.53 వరకు ఉంది. 7.02 అంటే అసలు నీడ వదిలి పావుగంటే, ఆ అంచు మసక కంటికే తెలుస్తుంది. విశాఖ మేడం చెప్పిన పైన-ఎడమ, నీ ఫొటోలో పైన-ఎడమ, సరిగ్గా కలిసింది. నువ్వు గ్రహణం చూశావు. అమ్మ కూడా చూసింది.

నిజాంపేట_డాబా
అమ్మను లేపి చూపించాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అవునురా, మసకగా ఉందని నాకప్పుడే అనిపించింది, నా కళ్లేమో అనుకున్నా" అంది.

శాస్త్రుల_పంచాంగం
ఉపచ్ఛాయకు శాస్త్రంలో స్నానదానాలు లేవు. కానీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

కొత్త_టెలిస్కోప్
మళ్లీ ఎప్పుడు? డేట్ చెబితే సెలవు పెట్టుకుంటాను.

లెక్కల_మాస్టారు
ఈ ఆగస్టు 28న పాక్షిక గ్రహణం ఉంది, మనకు అప్పుడు పగలు. మనకు కనిపించేది 2028 జూలై 6 రాత్రి పాక్షికం, వానాకాలం కాబట్టి మబ్బుల దయ. అసలైనది 2028 డిసెంబర్ 31, సంపూర్ణం, రాత్రి 10.22కి నడిమి. చలికాలం ఆకాశం, చంద్రుడు బాగా ఎత్తులో. ఏ బిల్డింగూ అడ్డం రాదు. మర్నాడు సెలవు సంగతి మీరు చూసుకోండి.

గుంటూరు_ఘాటు (మార్చి 4, రాత్రి 7.50)
చూశాను. ఎర్రగానే ఉంది. నిన్నటిలాగే. మాస్టారూ, మీరే రైటు.

నిజాంపేట_డాబా (మార్చి 4, రాత్రి 9.15)
దుర్భిణి గారు చెప్పిన నెక్లెస్ రోడ్‌కు ఈ సాయంత్రం అమ్మను కారులో తీసుకెళ్లాను. చెయ్యి చాచి రెండు వేళ్ల ఎత్తులో ఉండగానే చంద్రుణ్ణి పట్టుకున్నాం, నీళ్లలో గీత కూడా పడింది. అమ్మ తన చెయ్యి చాచి తన వేళ్లతో కొలుచుకుంది. ఆమె లెక్కకు మూడు వేళ్లు వచ్చాయి, ఆమె వేళ్లు సన్నం. డిసెంబర్ 31 అయినా ఇక్కడికే రావాలంది. అప్పుడు మన డాబా చాలమ్మా అంటే వినట్లేదు.